మర్గిలాన్‌లో ఆవిరి నీళ్లు

నిద్రలో నా ఊపిరి ఆగిపోతోందని నాకు యాభై ఏళ్లు దాటేదాకా తెలియదు. తెలిసింది కూడా పట్టపగలే. దిల్‌సుఖ్‌నగర్‌లో మాది చీరల దుకాణం. ఒక మధ్యాహ్నం పెళ్లివాళ్ల ముందు చీర మడత విప్పి, కొంగు చూపిస్తూ చూపిస్తూ అట్లాగే పక్కకు ఒరిగి నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి పెళ్లికూతురి తల్లి నా భుజం పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమైందక్కా, పానం బాగలేదా?" అంది.

పానం బాగానే ఉంది. నిద్రే బాగా లేదు. మలక్‌పేటలో డాక్టరు పరీక్ష చేయించి, పడుకున్నాక నా గొంతు మూసుకుపోతోందనీ, అందుకే ఊపిరి ఆగి ఆగి వస్తోందనీ చెప్పాడు. సీప్యాప్ మెషిన్ రాశాడు. అది టిఫిన్ డబ్బా అంత పెట్టె. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు పెట్టుకునే మాస్కు. గొంతు మూసుకుపోకుండా నిద్రంతా గాలి ఊదుతూనే ఉంటుంది. ఆ గాలికి ముక్కూ గొంతూ ఎండిపోకుండా పెట్టెలో చిన్న నీళ్ల తొట్టి ఉంటుంది. నీళ్లు కొంచెం వేడెక్కి, గాలికి తడి తగులుతుంది.

మెషిన్ బిగించడానికి వచ్చినతను గట్టిగా చెప్పాడు. "ఇండ్ల డిస్టిల్డ్ వాటరే పొయ్యాలె మేడం. ఫిల్టర్ నీళ్లు వద్దు, బోరు నీళ్లు అసలే వద్దు. ఉప్పు పేరుకుంటది."

మావారు ఉత్సాహంగా ఇన్వర్టర్లు అమ్మే షాపు నుంచి ఒక క్యాను మోసుకొచ్చారు. అతను దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "గది బ్యాటరీలకు సార్. మనిషికి కాదు. సర్జికల్ షాపుల అడుగున్రి."

మెషిన్ నాకు నిద్ర తెచ్చింది, దాంతోపాటు సిగ్గునూ తెచ్చింది. మూతికి తొండం కట్టుకున్నట్టుండే ఆ ముఖాన్ని మావారు తప్ప ఎవరూ చూడకూడదనుకున్నాను. ఇంకొకరి ఇంట్లో పడుకోవడం మానేశాను. చెల్లెలి కూతురి పెళ్లి పోచంపల్లిలో జరిగితే, భోజనాలవగానే దుకాణం వంక పెట్టి ఎల్బీనగర్‌లో ఉన్న మా ఇంటికి వచ్చేశాను. చెల్లెలు చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అయినా అసలు కారణం చెప్పలేదు.

అట్లాంటి నేను ఉజ్బెకిస్తాన్ పోవడానికి ఒప్పుకున్నానంటే కారణం మా నాన్న. ఆయన మగ్గం మనిషి. దారాన్ని ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, తర్వాత నేసేవాడు. అదే పద్ధతిలో పట్టు నేసే ఊరు మర్గిలాన్ అనీ, అక్కడ చేనేత ప్రదర్శన ఉందనీ, మన వైపు నుంచి కొందరు దుకాణదారులు వెళ్తున్నారనీ తెలిసినప్పుడు మనసు ఆగలేదు. మెషిన్ సంగతి గుర్తొచ్చి మళ్లీ వెనక్కి తగ్గాను.

"మిషన్ ఎంబడి పెట్టుకొని పో. షాపు నేను జూస్కుంట. పరేషాన్ గాకు," అన్నారు మావారు.

ఐదు రోజులకు సరిపడా నీళ్లు సీసాలో పోసి పెద్ద సూట్‌కేసులోనే పెట్టాను. బయల్దేరే ముందు అనుమానం వచ్చింది. కారితే చీరలు పాడైపోతాయి. సీసా తీసి, చేతిలో ఉంచుకునే మెషిన్ సంచిలో సర్దాను. హైదరాబాద్‌లో ఎవరూ ఏమీ అనలేదు. ఢిల్లీలో విదేశానికి పోయే లైన్లో, తనిఖీ చేసే ఆమె సీసా బయటికి తీసింది. నాకొచ్చిన హిందీలో మెషిన్ గురించి చెప్పాను. డాక్టరు చీటీ చూపించాను. చీటీలో మెషిన్ పేరుంది, నీళ్ల మాట లేదు. అన్ని నీళ్లు చేతిసంచిలో విమానంలోకి రానివ్వరట. ఆమె కోప్పడలేదు. సీసా మాత్రం పక్కనున్న డబ్బాలో పెట్టేసింది. తప్పు నాదే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

మర్గిలాన్‌లో నాకు గదిని పంచుకునే మనిషి దొరికింది. ఎల్బీనగర్‌లోనే బట్టల బొటిక్ నడుపుతుంది, అంతకుముందు బడిలో తెలుగు టీచరు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ముప్పై ఏళ్లుగా హైదరాబాద్‌లోనే ఉన్నా మాట మారలేదు. మా ఇళ్ల మధ్య రెండు వీధులే దూరమని తెలిసి తెగ సంతోషపడింది, మొదటి పూటకే నన్ను వదినగారిని చేసేసింది.

ఆ రాత్రి ఆవిడ నిద్రపోయేదాకా ఆగి, దుప్పటి కింద మెషిన్ పెట్టుకున్నాను. తొట్టి ఖాళీ. పొడి గాలి. తెల్లారేసరికి ముక్కు లోపల ఇసుక కాగితంతో రుద్దినట్టయింది. అద్దం ముందు నిలబడి ముక్కు తుడుచుకుంటుంటే రుమాలు మీద ఎర్రటి చుక్కలు. ఆవిడ వెనకనుంచి చూసింది.

"అయ్యో, రక్తమండీ! ఏమైంది వదినగారూ?"

"ఏం లేదక్కా. జర గాలి పడలే."

"గాలి పడకపోతే రక్తం వస్తుందా? కూర్చోండి ముందు. నిజం చెప్పండి."

చెప్పాను. సంచిలోంచి మెషిన్ తీసి చూపించలేదు, మాటల్లోనే చెప్పాను. ఆవిడ అంతా విని, "ఇంతేనా! నీళ్లే కదా, పదండి వెతుకుదాం," అని చెప్పులేసుకుంది. మా బృందాన్ని తీసుకొచ్చినతను ప్రదర్శనలో స్టాళ్లు కట్టించే పనిలో ఉన్నాడు. ఇద్దరమే బయల్దేరాం.

వీధి చివర మందుల షాపు కనిపించింది. బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో ఉంది, ఎట్లా చదవాలో తెలియలేదు. దారిన పోయే ఆమెను అడిగితే "డోరీఖోనా" అంది. మా దవాఖాన ఇక్కడిదాకా వచ్చిందనుకుని కాస్త ధైర్యంగా లోపలికి పోయాను.

కౌంటరు వెనక ఒక నడివయసు ఆమె. మా టీచరమ్మ ఫోన్ తీసి, అనువాదం చేసే యాప్ తెరిచి, పాఠం చెప్తున్నట్టు స్పష్టంగా పలికింది. "మాకు శుద్ధమైన స్వేదన జలం కావలెను."

ఫోన్ ఉజ్బెక్‌లో ఏదో అంది. కౌంటరు ఆమె మమ్మల్నిద్దరినీ ఎగాదిగా చూసి, లోపలికి పోయి, చంకలకు రాసుకునే చెమట మందు తెచ్చి పెట్టింది.

మాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. స్వేదమంటే చెమట అని మా టీచరమ్మకే తట్టింది. గల్లా పెట్టె పట్టుకుని నవ్వింది, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "ముప్పై బ్యాచులకు తెలుగు చెప్పానండీ, ఈ ఫోను చేతిలో ఫెయిలయ్యాను."

ఇంగ్లీషులో రాసి చూపిస్తే ఆమెకు అర్థమైంది. కానీ ఆమె దగ్గరున్నది ఇంజెక్షన్లలో కలిపే నీళ్లు, వేలెడంత గాజు సీసాల్లో. తొట్టి నిండాలంటే అవి డజన్లకొద్దీ విరగ్గొట్టాలి. వద్దన్నాను. ఆమె బయటికి వచ్చి, రోడ్డవతల ఇంకో దుకాణం వైపు చెయ్యి చూపించింది.

అది కార్ల సామాన్ల దుకాణం. యజమానికి అరవై ఏళ్లుంటాయి, తల మీద నలుపు తెలుపు కుట్టుపని టోపీ. ఫోన్లో మాట చూసి, "మషీనా?" అన్నాడు.

"హా, మషీన్, మషీన్!" అన్నాను. మెషిన్ అనే మాట తెలిసిన మనిషి దొరికాడని ప్రాణం లేచొచ్చింది.

అతను ఐదు లీటర్ల క్యాను తెచ్చి, గుమ్మం బయటికి వచ్చి అటూ ఇటూ చూశాడు. మా కారు కోసం. వాళ్ల భాషలో మషీనా అంటే కారట. క్యాను మీద బ్యాటరీ బొమ్మ ఉంది. మా ఇంట్లో విన్న మాటే గుర్తొచ్చింది. ఇక చేసేదేం లేక కళ్లు మూసుకుని, చెంప కింద చెయ్యి పెట్టి నిద్రపోతున్నట్టు చూపించాను. అరచెయ్యి ముక్కు మీద బోర్లించాను. "హవా," అన్నాను.

"హవో?" అన్నాడతను.

"హా, హవా."

అతని ముఖం మారిపోయింది. గబుక్కున క్యాను నా ముందు నుంచి లాగేసుకుని, కౌంటరు కిందికి తోసేశాడు. వద్దు వద్దని చెయ్యి ఊపుతూ, లోపలి గుమ్మం వైపు తిరిగి ఎవరినో పిలిచాడు. దుకాణం వెనకే ఇల్లు. తడి చేతులు తుడుచుకుంటూ ఆయన భార్య వచ్చింది. ఆయన ఆమెకు చెప్తూ, నేను చేసినట్టే ముక్కు మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఆమె నన్ను చూసింది. ఏమీ అడగకుండా నా మణికట్టు పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

ద్రాక్ష పందిరి ఉన్న వాకిలి దాటితే ఒక గది. గోడ వారగా మంచం, పరుపు చుట్టి పెట్టి ఉంది. మంచం పక్కన పూల గుడ్డ కప్పిన పెట్టె. గుడ్డ తీసింది. ఆక్సిజన్ ఇచ్చే మెషిన్. దాని పక్కన తగిలించిన చిన్న నీళ్ల సీసా. ఆ సీసాను వేలితో తట్టి, నా వైపు చూసి, ఇదేనా అన్నట్టు తల ఎగరేసింది. అదే. గాలికి తడి చేసే సీసా.

ఫోన్ మధ్యలో పెట్టుకుని మాట్లాడుకున్నాం. కరోనా రోజుల్లో ఆమె అత్తకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆ మెషిన్‌కు రోజూ ఈ నీళ్లు కావాలి. షాపులు మూసేశారు. ఫోన్ చదివిన చివరి మాటలు ఇంకా నా చెవిలో ఉన్నాయి: "నేను ఇంట్లో చేశాను. ప్రతి రోజూ చేశాను. అమ్మ వెళ్లిపోయే వరకు."

టీచరమ్మ నా చెయ్యి నొక్కింది. ఇంటావిడ అప్పటికే వంటింట్లోకి పోయింది.

పొయ్యి మీద పెద్ద కడాయి ఉంది, పులావు వండేది. అందులో నూనె ఉంటుందన్నట్టు వేళ్లు రుద్ది చూపించి, పై అలమర నుంచి కొత్తగా ఉన్న ఎనామిల్ గిన్నె దించింది. సగం దాకా నీళ్లు పోసింది. నడుమ చిన్న ఇనుప స్టాండు, దాని మీద వేడినీళ్లతో కడిగిన గాజు గిన్నె. పెద్ద గిన్నె మూతను తిరగేసి మూసింది, పిడి లోపలికి వచ్చేలా. తిరగేసిన మూత మీద ఫ్రిజ్‌లోంచి తెచ్చిన మంచు ముక్కలు పోసింది. ఆవిరి పైకి పోయి, చల్లటి మూతకు తగిలి, నీళ్లయి, పిడి మీదుగా బొట్టుబొట్టుగా గాజు గిన్నెలో పడుతుంది. అదే డిస్టిల్డ్ వాటర్. ఇన్నాళ్లూ సీసాల్లో కొంటున్నాను గానీ, అవి ఎట్లా పుడతాయో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

రెండు గంటలపైనే పట్టింది. మంచు కరిగితే తీసి మళ్లీ పోస్తూ ఆమె పొయ్యి ముందే పీట వేసుకుని కూర్చుంది. మాకు చాయ్ ఇచ్చింది, గుండ్రటి రొట్టె విరిచి పెట్టింది. మధ్యలో ఒకసారి మంట తగ్గించి, వెనక్కి తిరిగి ఆ మంచం ఉన్న గది వైపు చూసింది. అత్త పోయాక ఈ పని మళ్లీ చేయలేదేమో అనిపించింది. అడగలేదు. మా నాన్న ఆఖరి రోజుల్లో ఆయనకు జావ కాచిన గిన్నెను నేనూ చాలా కాలం పొయ్యి మీద పెట్టలేకపోయాను.

అక్కడ కూర్చుని ఉండగానే నా సిగ్గు గురించి మొదటిసారి ఆలోచించాను. అదే అవసరానికి ఈ ఇంట్లో ఒక మనిషి ప్రతిరోజూ పొయ్యి దగ్గర నిలబడింది. ఆ అత్త ముక్కుకు గొట్టం పెట్టుకుని ఇదే మంచం మీద, వచ్చేపోయేవాళ్లందరి ముందూ పడుకుని ఉంటుంది. నేనేమో ఊపిరిని దొంగసొత్తులా దాచుకుంటున్నాను. సొంత చెల్లెలిని బాధపెట్టి మరీ.

గాజు గిన్నెలో చివరికి అర లీటరు కంటే తక్కువే చేరింది. చల్లారాక మూత బిగించే వెడల్పు మూతి సీసాలో పోసి ఇచ్చింది. నా మెడలో ఉన్న పోచంపల్లి దుపట్టా తీసి ఆమె చేతిలో పెట్టాను. వద్దని తోసింది, మళ్లీ పెట్టాను. అప్పుడు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, రంగు అంచులు దారంలో కలిసిపోయిన చోటును గోటితో తడిమింది. ఆ ఊళ్లో పుట్టిన మనిషి, చెప్పాల్సిన పని లేకపోయింది. తన అల్మారా లోంచి ఒక పట్టుగుడ్డ తెచ్చి దాని పక్కన పరిచింది. రెండింటి మీదా అదే చెదిరిన అంచు.

ఆ రాత్రి గదిలో, దీపం వెలుగుతుండగానే, మెషిన్ తీసి బల్ల మీద పెట్టాను. తొట్టిలో నీళ్లు పోశాను. మాస్కు తగిలించుకున్నాను. టీచరమ్మ తన మంచం మీద నుంచి లేచి వచ్చి, కళ్లజోడు సరిచేసుకుని, నా ముఖాన్ని శ్రద్ధగా పరిశీలించింది.

"పట్టీ మెలిపడిందండీ వెనకాల," అంటూ సరిచేసి, పోయి పడుకుంది. అంతే.

పొద్దున నేను లేచేసరికి ఆవిడ స్నానం చేసి, చాయ్ తాగి, రెండోది తెప్పించుకుంటోంది.

మిగతా రోజులు ప్రతి మధ్యాహ్నం టోపీ పెద్దాయన ప్రదర్శనకు వచ్చి మా స్టాల్ మీద సీసా పెట్టి పోయేవాడు. ఆఖరి రోజు సీసా తిరిగివ్వడానికి నేనే వాళ్లింటికి పోయాను. ఖాళీగా ఇవ్వడం మన ఇళ్లలో లేదు కదా, వెంట తెచ్చుకున్న సకినాల్లో విరగకుండా మిగిలినవి నింపుకుపోయాను. ఆమె మూత తీసి చూసి, పెద్దగా నవ్వి, తమకూ అదే పద్ధతని సైగ చేసింది. వెంటనే సకినాలు పళ్లెంలోకి వంపి, సీసాలో ఎండు ద్రాక్ష నింపి నా చేతికిచ్చింది. ఇక ఇది తెగేది కాదని సీసా తీసుకుని వచ్చేశాను.

తిరిగొచ్చిన రెండు నెలలకు ఒక ఆదివారం టీచరమ్మ ఫోన్ చేసింది. "వదినగారూ, ఒకసారి రాగలరా? మీ మెషిన్ కూడా తెచ్చుకోండి," అంది. గొంతు మామూలుగా లేదు.

వాళ్లాయనకు పరీక్షలో నాకొచ్చినదే బయటపడిందట. మెషిన్ కొన్నారట, ఆయన ముట్టుకోవడం లేదట. నేను పోయేసరికి హాల్లో సోఫాలో కూర్చుని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఎదురుగా ఆయన తమ్ముడి కుటుంబం, ఎవరో పక్కింటివాళ్లు.

"గురక అందరికీ వస్తుందమ్మా," అన్నాడు పేపరు దించకుండా. "దానికింత హడావిడి ఎందుకు? అది పెట్టుకుంటే ఊపిరాడి చావదు."

నేను వాదించలేదు. సంచి తెరిచి, టీపాయ్ మీద మెషిన్ పెట్టి, ప్లగ్గు పెట్టాను. అంతమంది ముందు, పట్టపగలు, మాస్కు తగిలించుకుని సోఫాకు ఆనుకుని కూర్చున్నాను. మెషిన్ మెల్లగా ఊదడం మొదలుపెట్టింది. పక్కింటామె ముందుకు వంగి గొట్టం వంక చూసింది. కొంతసేపటికి ఆయన పేపరు దించాడు.

"నిజంగా ఊపిరాడుతుందా?"

నేను మాస్కు తీశాను. "ఆడతదన్నయ్యా. మొదాల కొంచెం భయమైతది. మీరు గాలి గుంజకున్రి, మిషనే ఇస్తది. నోరు మూస్కొని ముక్కుతోని తీస్కోన్రి."

ఆయన కొత్త మాస్కును చేతుల్లో అటూ ఇటూ తిప్పి, భార్య వైపు ఒకసారి చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. టీచరమ్మ లేచి వెనక్కి పోయి పట్టీ బిగించింది.