కరగని రొయ్యలు, ఆగని ప్రార్థన

మా చర్చి సంఘంలో నన్ను ప్రార్థనాపరుడంటారు. బందరులో మావాళ్లు ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరి పిల్లకి సంబంధం కుదరకపోయినా, తెల్లారేసరికల్లా మా గేటు చప్పుడవుతుంది. "కృపారావు గారూ, మా కోసం కాస్త గట్టిగా ప్రార్థన చెయ్యండి" అంటారు. ఆ "గట్టిగా" అన్న మాట గమనించండి. మామూలు ప్రార్థన ఎవరింట్లో వాళ్లు చేసుకోగలరు. గట్టిది కావాలంటేనే నా దగ్గరికొస్తారు.

ఆ పేరు నాకెలా వచ్చిందో ఇవాళ చెప్పేస్తాను. దాని వెనక ఉపవాసమూ లేదు, దర్శనమూ లేదు. రొయ్యలున్నాయి. గడ్డకట్టిన రొయ్యలు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాటితో మా వంటింట్లో జరిగిన ఘోరమూ, దాన్ని కప్పిపుచ్చడానికి ఏ పాపమూ ఎరగని మా బావగారి మీద నేను వేసిన నిందా చదివాక, మీరు నన్నేమన్నా పడతాను.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారికీ అమ్మగారికీ, అంటే పాస్టరుగారికీ ఆయన భార్యకీ, వంతులవారీగా ఒక్కో ఇంట్లో భోజనం. పేరుకి భోజనమే గానీ అది వంటల పోటీ అని అందరికీ తెలుసు, ఒక్క అయ్యగారికి తప్ప. మా ముందు వంతువాళ్లు నాటుకోడీ గారెలూ పెట్టారు. మరుసటి వారం అయ్యగారు ప్రసంగంలో, దేవుడు ఆకాశం నుంచి కురిపించిన మన్నా అనే ఆహారం గురించి చెబుతూ, "ఎలా ఉండేదంటే, మొన్న మనం తిన్న గారెల్లా..." అని ఒక్క మాట జారారు. అంతే. మా ఆవిడ సుగుణకి నిద్ర పట్టలేదు.

"మన్నాతో పోల్చారండీ! గారెల్ని!"

"పోనీలే. మనం ఏం పెడదాం?"

"రొయ్యలు. అయ్యగారికి రొయ్యలంటే ప్రాణం. పాలకాయతిప్ప నుంచి అన్నయ్యని పంపమంటాను."

సుగుణ అన్నయ్య, అంటే మా బావగారు, దివిసీమలో ఉంటారు. ఆయన రొయ్యని చూసి అది పొద్దున పట్టిందో రాత్రి పట్టిందో చెప్పగలరు. ఐసు పెట్టెలో పెట్టి బస్సులో పంపారు. సుగుణ వాటిని ఒలిచి, కడిగి, స్కూలుకి పరిగెడుతూ నాతో అంది: "చిన్న చిన్న కవర్లలో పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి."

పలచగా పరచడమట! రొయ్యలకి పక్కలు వెయ్యమంటుందా ఏమిటి? మొత్తం ఒకే కవర్లో కుక్కి, ముడేసి లోపలికి తోశాను. పని ఇంత చిటికెలో ఎలా చేశానా అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

శనివారం మధ్యాహ్నం గుడివాడ నుంచి ఫోను. సుగుణ చెల్లెలికి నొప్పులొచ్చి ఆస్పత్రిలో చేర్చారు. సుగుణ బ్యాగు సర్దుకుంటూ, "అయ్యగారి భోజనం వచ్చే వారానికి మార్చుకుందామండీ" అంది.

"ఎందుకూ? నేను లేనా?"

సుగుణ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. గుడివాడ దాకా వెళ్తుందా, మధ్యలో ఆగిపోతుందా అని పాత బస్సుని చూసే చూపు అది.

"సరే. మసాలా అంతా వేయించి గిన్నెలో పెట్టి వెళ్తున్నాను. అన్నం, పప్పు అత్తయ్య చూసుకుంటారు. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఇవాళ సాయంత్రం రొయ్యల్ని ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. రేపటికి వాటంతటవే కరుగుతాయి. తర్వాత మసాలాలో వేసి ఉడికించడమే."

"ఇంతేనా? దీనికా ఇంత ఉపన్యాసం?"

ఆ సాయంత్రం టీవీలో క్రికెట్. ఫ్రిజ్ తలుపు చాలాసార్లే తీశాను. ఒకసారి మంచినీళ్లకి, ఒకసారి మామిడికాయ ముక్కకి, ఒకసారి ఊరికే లోపల ఏముందో చూద్దామని. రొయ్యలకి మాత్రం తియ్యలేదు.

ఎప్పుడు గుర్తొచ్చిందనుకున్నారు? ఆదివారం, ఆరాధనలో. అయ్యగారు మంచి ఊపు మీద, "కొందరి గుండెలు రాతి గుండెలు! ఎంతకీ కరగవు!" అన్నారు. నా గుండె ఆగిపోయింది. రాయి. కరగదు. రొయ్యలు! నా మొహం చూసి, మాట తగిలింది కాబోలని అయ్యగారు ఇంకో రెండుసార్లు అదే అన్నారు.

బయటికొచ్చాక, "అయ్యగారూ, ఎండగా ఉంది, కాసేపాగి నెమ్మదిగా రండి" అన్నాను.

"ఎందుకండీ, మీ వెనకే వచ్చేస్తాం. రొయ్యలని విన్నాను, పొద్దున్నుంచి టిఫిను కూడా మానేశాను" అన్నారాయన.

ఇంటికొచ్చి ఫ్రీజర్ తీస్తే, లోపల ముద్ద కాదు, ఇటుక. కవరు ఊడదీసి గట్టు మీద కొట్టి చూశాను. హాల్లోంచి మా అమ్మ, "ఎవర్రా తలుపు కొడుతున్నది?" అని అరిచింది.

మా ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ ఉంది. అప్పటిదాకా అందులో నేను కాఫీ తప్ప ఏదీ పెట్టలేదు. నాకు తెలిసిన మీట ఒక్కటే, ఫుల్లుగా వేడెక్కించేది. ఇటుకని పళ్లెంలో పెట్టి అదే నొక్కాను. కాసేపటికి 'టింగ్' మంది. తీసి చూస్తే చుట్టూ ఉన్న రొయ్యలు ఎర్రగా ముడుచుకుపోయి ఉడికిపోయాయి. మధ్యలో వేలు పెడితే వేలు కొంకర్లు పోయింది. పైన పటారం, లోన లొటారం అంటారు. మాది పైన పొగలు, లోన హిమాలయం.

సరిగ్గా అప్పుడే అయ్యగారూ అమ్మగారూ వచ్చి సోఫాలో పక్కపక్కనే కూర్చున్నారు. మా అమ్మ కంచాలు సర్దేస్తోంది.

"వడ్డించెయ్యరా కృపా, నాకసలే సుగరు."

అమ్మ చేతిలో రెండు బిస్కెట్లు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. "అయ్యగారూ, భోజనానికి ముందు మా మరదలి కాన్పు గురించి ఒక్క ప్రార్థన."

"తప్పకుండా" అని ఆయన కళ్లు మూసుకున్నారు. అమ్మగారు మూసుకున్నారు. అమ్మ మూసుకుంది. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారన్న సంగతి నా జన్మలో ఇంతగా పనికొస్తుందనుకోలేదు. పిల్లిలా వంటింట్లోకి జారుకుని సుగుణకి ఫోన్ చేశాను.

"ఏం లేదు సుగుణా, మైక్రోవేవ్‌లో గడ్డకట్టినవి ఎలా కరిగిస్తారు?"

"కింది అరలో పెట్టారు కదా?"

"పెట్టాను. ఊరికే, జ్ఞానం కోసం అడుగుతున్నా."

"అయ్యగారు ఇంట్లో ఉండగా, ఒంటిగంటప్పుడు, జ్ఞానమా?"

"జ్ఞానానికి వేళేమిటే!"

సుగుణ నిట్టూర్చింది. "డీఫ్రాస్ట్ అని ఉంటుంది చూడండి, అది తక్కువ వేడి. కొంచెంసేపు తిరగనిచ్చి ఆపాలి. ముద్దని తిరగెయ్యాలి. వదులైనవి విడదీసి తీసెయ్యాలి. మిగిలినదాన్ని కాసేపు ఊరికే వదిలెయ్యాలి, బయటి వేడి లోపలికి పాకడానికి. మళ్లీ పెట్టాలి. కరిగినవాటిని గట్టు మీద ఉంచకండి, కడుపులు పాడవుతాయి. వెంటనే పొయ్యి మీదకి ఎక్కించాలి."

"కాసేపు వదిలెయ్యాలంటే ఎంతసేపు?"

"నాకేం తెలుసు, ముద్దని బట్టి. చెల్లిని లోపలికి తీసుకెళ్తున్నారు, పెట్టేస్తున్నా."

ఎంతసేపో నాకు అర్థమైపోయింది. ఒక ప్రార్థనంతసేపు.

ఇక చూడండి నా భక్తి! ఓవెన్లో పెట్టడం, హాల్లోకి రావడం, "ఇంకొక్క మనవి అయ్యగారూ" అనడం. ఎదురింటి మామ్మగారి మోకాలు. వీధి చివర బోరు. బావగారి ఊళ్లో పడవలు. మా ఆఫీసులో బదిలీ అయిపోయిన గుమాస్తా, ఆయన కొత్త ఊళ్లో ఇల్లు దొరకడం. నాకు తెలిసినవాళ్లు అయిపోయాక తెలియనివాళ్లని మొదలుపెట్టాను. అందరూ కళ్లు మూసుకోగానే నేను వంటింట్లో ముద్ద తిరగేసి, విడిపోయినవి మసాలాలో పడేసి, మధ్యమధ్యలో హాలు వైపు తిరిగి "ఆమేన్!" అని కేకేసేవాణ్ణి.

మా అమ్మ ఊరుకుంటుందా! "ఒరే కృపా, నీ ఆమేన్ వంటింట్లోంచి వస్తోందేమిట్రా?"

"కూర మాడకుండా చూస్తున్నానమ్మా!"

"ప్రభువా, నీ దాసులు కనిపెట్టుకుని ఉన్నారు, నీ స్వరము వినిపించుము..." అని అయ్యగారు అంటుండగా 'టింగ్ టింగ్ టింగ్'. అయ్యగారు ఒక్క క్షణం ఆగారు. నా ప్రాణాలు పైకి పోయాయి. ఆయన గొంతు సవరించుకుని మోకాలి ప్రార్థన ఇంకాస్త సాగదీశారు. ఇలా టింగ్ మన్నప్పుడల్లా ఆగడం, మళ్లీ సాగడం. ఆ రోజు ఎదురింటి మామ్మగారి మోకాలికి జరిగినంత ప్రార్థన ఏ మోకాలికీ జరిగి ఉండదు.

ఆఖరికి కూర దించాను. మధ్యలోని రొయ్యలు, సుగుణ చెప్పినట్టు కరిగించినవి, మెత్తగా వెన్నలా ఉన్నాయి. కానీ మొదట్లో ఫుల్లు వేడిలో వేగినవి మళ్లీ ఉడికాయి కదా, సైకిలు ట్యూబు ముక్కలయ్యాయి. గరిటెకి ఏవి వచ్చాయి, అయ్యగారి కంచంలో ఏవి పడ్డాయి అని అడక్కండి. పెళ్లికొడుక్కి తప్ప అందరికీ మంచి ముక్క పడుతుందని ఊరికే అన్నారా! (అనకపోయి ఉంటే ఇప్పుడు నేనంటున్నాను.)

అయ్యగారు నమిలారు. ఇంకా నమిలారు. నీళ్లు తాగి మళ్లీ నమిలారు.

"రొయ్య మంచి పట్టుదల గలదండీ, కృపారావు గారూ" అన్నారు.

మా అమ్మ అయితే నోట్లోంచి తీసి కంచం అంచున పెట్టేసింది. "పళ్లు కట్టించుకుని నెల కాలేదయ్యగారూ. ఏం రొయ్యల్రా ఇవి?"

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది ఆ మాట. "బావగారు పంపారమ్మా. ముదురువి అంటగట్టినట్టున్నారు."

అమ్మ ఆ మాట సుగుణకి చేరేసింది. సుగుణ వాళ్లన్నయ్యకి చేరేసింది. బావగారు రెండు మాటలే అన్నారట: "పాలకాయతిప్ప రొయ్య ముదురుదా? బందరువాళ్లకి రొయ్య తినడం వచ్చా?" అంతే, ఆ తర్వాత మా ఇంటికి దివిసీమ రొయ్య రాలేదు. కొబ్బరికాయలు వచ్చేవి. "ఇవి ముదురువే, తెలిసే పంపుతున్నాను" అన్న కబురుతో సహా. పండక్కి సుగుణ వెళ్తే పలకరింపు, నేను వెళ్తే మొహానికి అడ్డంగా వార్తాపత్రిక.

ఇటు సంఘంలో కథ వేరే నడిచింది. మరుసటి వారం అయ్యగారు అందరి ముందూ, "కంచం ముందు పెట్టుకుని ఇరుగుపొరుగు కోసం ఇంతగా ప్రార్థన అడిగిన ఇల్లు నేను చూడలేదు" అన్నారు. గారెలు మన్నా దగ్గరే ఆగిపోయాయి. నేను ఏకంగా శుక్రవారపు ప్రార్థన కూటానికి పెద్దనైపోయాను.

ఆ పేరుని ఇన్నేళ్లు మోశాను. ఈమధ్య నాకు శాలువా కప్పాలని సంఘం తీర్మానించింది. ఇక ఆగలేక అయ్యగారింటికి వెళ్లి, ఇటుక దగ్గర్నుంచి టింగ్ దాకా అంతా చెప్పేశాను. తల వంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాను.

అయ్యగారు లోపలికి చూసి, "ఏమేవ్, కృపారావు గారు ఇవాళ చెప్పేశారు" అన్నారు.

అమ్మగారు నవ్వుతూ వచ్చారు. "ఆ రోజు మొదటి టింగ్‌కే తెలిసింది బాబూ. మా ఇంట్లోనూ ఆ పెట్టె ఉంది కదా. టింగ్ మన్నప్పుడల్లా ఈయన ఆపెయ్యబోతుంటే, ఇంకా కరగలేదు, సాగదీయండి అని తొడ మీద గిల్లుతూనే ఉన్నాను."

"వారం రోజులు నల్లగా ఉంది" అన్నారు అయ్యగారు.

"మరి తెలిసీ నన్ను ప్రార్థనాపరుణ్ణి ఎందుకు చేశారండీ?"

"ఎందుకేమిటి? వీధి మొత్తానికి అడిగారు. ఒక్కసారైనా మీ రొయ్యలు కరగాలని అడిగారా? అంత నిస్వార్థం నేనెక్కడా చూడలేదు. శాలువా కప్పుకోండి. కాకపోతే ముందు మీ బావగారికి ఫోన్ చెయ్యండి. ఆ రొయ్యల తప్పేం లేదు."

అక్కడే కూర్చుని చేశాను. అంతా విన్నాక అటువైపు వార్తాపత్రిక మడిచిన చప్పుడు వినిపించింది.

"బావగారూ?"

"ఆ రొయ్యలిచ్చినవాణ్ణి నేను ఇన్నేళ్లుగా పలకరించడం లేదయ్యా" అన్నారు. "రేపు వాడి దగ్గరికే వెళ్తాను. మీకు పంపుతాను. ఫ్రీజర్ మొహం చూపించకుండా వండాలి. వడ్డించేటప్పుడు నేనుంటాను. ప్రార్థన కూడా నేనే చేస్తాను, పొట్టిగా."

కాబట్టి, సంఘపెద్దలారా, ఇరుగుపొరుగువారలారా, ఎదురింటి మామ్మగారూ, ఆమె మోకాలూ సాక్షిగా నేను చేస్తున్న ప్రమాణం ఇది. ఇకమీదట ఏ జీవినీ ఒకే కవర్లో కుక్కను. ముందురోజు సాయంత్రమే కింది అరకి దించుతాను, టీవీలో ఎవరు ఎవరితో ఆడుతున్నా సరే. తప్పనిసరై ఓవెన్‌లో పెట్టాల్సివస్తే తక్కువ వేడి మీద, తిరగేస్తూ, ఆగుతూ కరిగిస్తాను. ముఖ్యంగా, అవి కరిగేదాకా దేవుణ్ణి మాటల్లో పెట్టను.

ఆమేన్. ఈసారి హాల్లోంచే.