రెండు అడ్డం

మా రేపల్లె టీచరుగారు పోయారన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నా చేత్తో నేనే అక్షరం అక్షరం పేర్చుకుని తెలుసుకున్నాను.

నేను తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటరుని. పోయిన నెల ఓ మధ్యాహ్నం ఓనరుగారు ఒక జ్ఞాపకార్థ కూడిక కార్డు మేటరు నా ముందు పెట్టి, "ఆయన సాయంత్రం బండికి రేపల్లె వెళ్ళిపోవాలంట, తొందరగా కానివ్వవయ్యా" అన్నారు. మా పనిలో మేటరును అర్థం కోసం చదవం. కన్ను అక్షరాన్ని చూస్తుంది, చెయ్యి అక్షరాల కేసులోంచి తీస్తుంది. "ప్రభువునందు నిద్రించిన" అని పేర్చాను. "విశ్రాంత ఉపాధ్యాయిని" అని పేర్చాను. ఇంటిపేరూ అయింది. అసలు పేరు సగంలో చెయ్యి ఆగిపోయింది. పదేళ్ళకు పైగా కార్డుల మీద నేను రాస్తూ వచ్చిన పేరు అది.

బయట బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి దగ్గరికి వెళ్ళాను. "నేను వాళ్ళ పక్కింటివాణ్ణండి" అన్నాడాయన. "కార్డులు ఈ ప్రెస్సులోనే వేయించమని ఆవిడ ముందే చెప్పి ఉంచారండి. అక్కడ పజిళ్ళబ్బాయి ఉంటాడు, తప్పులు రానివ్వడు అన్నారండి."

ఆ అబ్బాయిని నేనేనని చెప్పాను. నాకిప్పుడు యాభై దగ్గర పడుతున్నా ఆవిడకి అబ్బాయినే. ఆయన సంచిలోంచి మడత పెట్టిన గళ్ళ కాగితం ఒకటి తీసి, "ఇది మీకిమ్మన్నారండి" అని ఇచ్చాడు. విప్పి చూసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాను. దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు నేను చేసిన నిర్వాకం చెప్పాలి.

ఎనభైలలో ఒక వారపత్రికలో గళ్ళ నుడికట్టు వచ్చేది. అన్నీ సరిగ్గా నింపినవాళ్ళ పేర్లూ ఊళ్ళూ వేసేవారు. ఆ పేర్లు చూసి ఒకరికొకరం కార్డులు రాసుకోవడం మొదలుపెట్టి, చివరికి ఇరవై ఇద్దరం ఒక బృందమయ్యాం. ఎవరి ముఖం ఎవరికీ తెలియదు. బాపట్ల లెక్కల మాస్టారి దస్తూరి చీకట్లో అయినా గుర్తుపడతాను గానీ, ఆ మనిషి రోడ్డు మీద ఎదురైతే పక్కకి తప్పుకుని పోయేవాణ్ణి.

మా అందరికీ టీచరుగారంటే గురి. మాట మామూలుగా రాయడం ఆవిడకి చేతకాదు. "ఈ వారం తిరగబడిన లత నొప్పి, అందుకే ఆలస్యం" అని రాసేవారు. లతను తిరగేస్తే తల; ఆవిడకి తలనొప్పి వచ్చిందన్నమాట. కార్డు రాగానే అందులో దాక్కున్నదేంటో వెతకడం మాకు అలవాటైపోయింది. నేను పెన్నుతో గళ్ళు నింపుతానని తెలిసి ఒకసారి మందలించారు: "పెన్సిలుతో నింపండి బాబూ. రేపు తప్పని తేలితే దిద్దుకోవద్దూ?" నేను వినలేదు. సీసపు అక్షరాలతో బతికేవాడికి పెన్సిలంటే చిన్నచూపు.

అందరం ఒకసారి కలుసుకుందాం అన్న మాట పుట్టింది. ఎక్కడ? తెనాలి అయితే బళ్ళన్నీ ఆగుతాయని కొందరు, బాపట్ల అయితే సముద్రం చూడొచ్చని కొందరు, టీచరుగారిని చూడాలంటే రేపల్లేనని కొందరు. కార్డు మీద ఊరి పేరు రాసి నాకు పంపాలన్నారు. సమానంగా వస్తే నిర్వాహకుడి ఇష్టం. నిర్వాహకుణ్ణి నేనే.

బాపట్లకి అయిదు వచ్చాయి. నాదీ కలుపుకుని తెనాలికి ఎనిమిది, రేపల్లెకి ఎనిమిది. ఆఖర్న టీచరుగారి కార్డు వచ్చింది. "రేపల్లెలో పెట్టండి బాబూ. మిగతా ఊళ్ళకి నాకు రెండు అడ్డం." అంతే ఉంది.

రెండు అడ్డం అంటే పజిళ్ళవాడికి ఇంకేం తడుతుంది? ఆ వారం పత్రిక తీసి అడ్డం గళ్ళలో రెండోది చూశాను. దాని జవాబు "మారాం". చిన్నపిల్లలు చేస్తారే, ఆ మారాం. పగలబడి నవ్వాను. టీచరుగారు మారాం చేస్తున్నారన్నమాట, ఇది ఓటు కాదు, సరదా అనుకున్నాను. అనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజం వేరే. నాకు తెనాలే కావాలి. మా ప్రెస్సు మేడ మీద సభ పెట్టి, ఓనరుగారి ముందు పెద్దమనిషిలా తిరగాలి. ఆ కార్డును ఓటుగా లెక్కిస్తే రేపల్లె తొమ్మిదితో గెలుస్తుంది. అందుకని అది సరదా అయితేనే నాకు బాగుండేది. కార్డును పక్కన పెట్టి, ఎనిమిదికి ఎనిమిది సమానమని తేల్చి, నా ఇష్టం ప్రకారం తెనాలి అన్నాను.

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? ఆహ్వానం నేనే కంపోజు చేశాను. కింద చిన్న అక్షరాల్లో, "రెండు అడ్డం: మారాం. రేపల్లెవారు మారాం మాని రావలెనని మనవి" అని కలిపాను.

సభ బాగా జరిగింది. ముఖాలు చూసుకున్నాం, దస్తూరీలతో పోల్చుకుని నవ్వుకున్నాం. బాపట్ల మాస్టారు మాత్రం గుమ్మం వైపే చూస్తూ, "టీచరుగారేరండీ? రేపల్లె నుంచి గంటన్నర బండే కదా" అన్నారు. "మారాం ఇంకా తగ్గలేదు మాస్టారూ" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

వారానికి ఆవిడ కార్డు వచ్చింది. "ఆహ్వానం అందింది. అచ్చు శుభ్రంగా ఉంది. తప్పుల్లేవు." ఎంత వెతికినా అందులో దాగున్నదేమీ దొరకలేదు. ఆ కార్డు నన్ను నిద్రపోనివ్వలేదు; ఆదివారం రేపల్లె బండెక్కాను.

వాళ్ళ ముందుగదిలో కిటికీ పక్క మంచం మీద ఆవిడ తమ్ముడు పక్షవాతంతో పడి ఉన్నాడు. ఆవిడ చెంచాతో జావ పడుతున్నారు. మంచం కోడుకి దారంతో కట్టిన పెన్సిలు వేలాడుతోంది. రెండడుగుల దూరంలో నిలబడ్డాను. "ఎవరండీ?" అన్నారు, నా భుజం పక్కగా చూస్తూ. అప్పుడర్థమైంది నాకు. పేరు చెప్పాను.

"మీరా బాబూ! కూర్చోండి. వీడొక అడ్డం, నా కళ్ళొక అడ్డం. అక్షరం కళ్ళకి ఆనించుకుంటే కనపడుతుంది గానీ మనిషి ముఖం ఆనదు, పొద్దు వాలితే అదీ లేదు, రాత్రి బండికి దిగి ఇంటికి రాలేను. అదే రాశాను."

"మేము పజిలనుకున్నామండి."

"అనుకోరూ మరి? ఎప్పుడూ ఆడేదాన్ని ఒక్కసారి మామూలుగా రాస్తే ఎవరు నమ్ముతారు?" అని నవ్వారు. తర్వాత తమ్ముడి మూతి తుడుస్తూ అడిగారు: "రేపల్లెకి ఎన్ని వచ్చాయి బాబూ?"

నేను ఆవిడ కళ్ళలోకి చూశాను. ఆ కళ్ళకి నా ముఖం కనపడదని తెలిసి మరీ అబద్ధమాడాను. "తక్కువే వచ్చాయండి."

"పోన్లెండి" అన్నారు. "నేనొక్కదాన్నే అడిగానేమో అనుకున్నా."

వచ్చే ఏడాది రేపల్లెలోనే అని గట్టిగా మాటిచ్చి వచ్చాను. ఆ ఏడాది పత్రికవాళ్ళు పజిలు ఆపేశారు. బృందం చెదిరిపోయింది. తమ్ముడు పోయాడని ఆవిడ రాసినప్పుడు వెళ్దామనుకున్నాను. చూపు పూర్తిగా పోయిందని పక్కింటాయన చేత రాయించినప్పుడూ అనుకున్నాను. నిజం చెప్పాల్సి వస్తుందని వెళ్ళలేదు. సిగ్గు కంటే బద్ధకం అనిపించుకోవడం తేలికని, బద్ధకస్తుడినయ్యాను.

ఇప్పుడు ఆ గళ్ళ కాగితం. అడ్డం ఆరు, నిలువు నాలుగు. అది టీచరుగారి ముందుగది. సభకి ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఊరు తేలకముందే గీసుకున్నారట. ఒక్కో గడిలో ఒక్కో పేరు, పెన్సిలుతో, పెద్ద పెద్ద అక్షరాలతో. కిటికీ పక్క రెండు గళ్ళు నల్లగా నింపారు. అది తమ్ముడి మంచం. మంచానికి ఆనుకుని నా పేరు. వంటింటి గుమ్మం దగ్గరి గడిలో "నేను" అని ఉంది.

పాత చిరునామాలన్నిటికీ కార్డులు రాశాను. ఈసారి ఊరు ఎంచుకునే పని లేకపోయింది. కూడిక రోజుకి పదకొండుమంది వచ్చారు. పక్కింటాయన చర్చి నుంచి తెచ్చిన కుర్చీలను ఆవిడ ముందుగదిలో ఇద్దరం ఆ కాగితం ప్రకారం వేశాం, మంచం చోటు వదిలేసి.

ప్రార్థన అయ్యాక రెండు మాటలు చెప్పమన్నారు. లేచాను. "ఆవేళ గెలిచింది రేపల్లేనండి" అన్నాను. "తొమ్మిది వచ్చాయి. ఆవిడ ఓటు నేను లెక్కపెట్టలేదు. ఆవిడతోనూ అబద్ధం చెప్పాను."

బాపట్ల మాస్టారు లేచి వెళ్ళి, వంటింటి గుమ్మం దగ్గరున్న ఖాళీ కుర్చీని కాస్త వెలుతురులోకి జరిపారు.