గారెలు అయ్యాక నా వంతు

మాది కెనడాలో, టొరంటో నగరంలోని స్కార్‌బరో. ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాను. నిరుడు మా ఆఫీసులో జాతి వివక్ష పోగొట్టడానికి కమిటీ వేసి, నన్నూ అందులో చేర్చారు. మా ఆఫీసు విరాళం ఏటా పేరున్న పెద్ద సంస్థలకే వెళ్తుంది. ఈసారి మా వీధిలో నల్లజాతి మహిళలు నడిపే ఉచిత భోజనశాలకు ఇమ్మని అడగాలనుకున్నాను. ఏం చెప్పాలో బాగా సిద్ధం చేసుకున్నాను.

కమిటీ మీటింగ్ ముందురోజు మా మేనేజర్, తెల్లావిడ, మెయిల్ పెట్టింది: "చీర కట్టుకుని రండి. మీ వంటకం ఏదైనా తెస్తే మరీ సంతోషం."

తెల్లారే లేచి గారెలు వేశాను. చీర మీద మంచు కోటు తొడుక్కుని బస్సెక్కాను.

మీటింగ్‌లో ముందు గారెలు తిన్నారు. తర్వాత చీర ఎలా కడతారో చెప్పమన్నారు. ఆపైన ఫొటోలు. "మరి నేను చెప్పాల్సింది?" అని నోరు తెరిచేసరికి కెమెరా క్లిక్‌మంది.

"అయ్యో, టైమైపోయింది. వచ్చేసారి చూద్దాం" అంటూ ఆవిడ లేచిపోయింది. విరాళం మళ్ళీ పాత చోటికే వెళ్ళింది.

ఆ ఫొటో ఇప్పుడు లిఫ్టు పక్కన పోస్టరైంది. కింద "ఇక్కడ ప్రతి గొంతూ వింటాం" అని రాశారు.

పక్క సీటు శ్రీనివాస్ గారు చూసి, "భలే నవ్వారండీ మేడమ్!" అన్నారు.

"నవ్వలేదండీ, అడుగుతున్నా" అన్నాను. ఒళ్ళు మండిపోయింది.

నిన్న మళ్ళీ మెయిల్ వచ్చింది, రేపటి మీటింగ్‌కి గారెలు తెస్తారా అని. ముందు నేను మాట్లాడతాను, ఆ తర్వాతే గారెలు అని జవాబిచ్చాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

నేనూ పప్పు నానబొయ్యలేదు.