ఎదురుమిల్లు బాబాయి కలుపుకున్న వియ్యం

ఎదురుమిల్లు బాబాయి పోయారని ఫోనొచ్చినప్పుడు నేను గుంటూరు యార్డులో మిరపకాయలు బేరమాడుతున్నాను. బేరం ఎక్కడిదక్కడ వదిలేసి బయల్దేరాను. సత్తెనపల్లి చేరేసరికి రోడ్డుకి ఇటున్న మా మిల్లూ, అటున్న వాళ్ళ మిల్లూ రెండూ ఆగిపోయి ఉన్నాయి. ఏడవడానికే సిద్ధపడి వాళ్ళింటికి వెళ్ళాను. తీరా చూస్తే వాకిట్లో కూర్చున్న మిల్లు ఆడవాళ్ళు ఆయన తుమ్ము గురించి చెప్పుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూనే పడీపడీ నవ్వుతున్నారు. నేనూ వాళ్ళ మధ్య చతికిలబడ్డాను.

ఆ తుమ్ము సంగతి మీకు చెప్పి తీరాలి. జీవితమంతా కారం మిల్లులో గడిపిన మనిషికి కారం ఘాటు పడేది కాదు. రోజూ పొద్దున గుమ్మంలో అడుగు పెట్టగానే ఒక్క తుమ్ము తుమ్మేవారు. రోడ్డు దాటి మా ఆఫీసు గది కిటికీలు అదిరేవి. లోపల మిరపకాయల ముచ్చికలు తీసే ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో "నూరేళ్ళు!" అని అరిచేవాళ్ళు. మా నాన్న మాత్రం, "వాళ్ళ కారం ఘాటని ఊరంతా చాటుకోవడానికి ఆ దొంగ తుమ్ములు!" అని పళ్ళు నూరేవాడు. ఇద్దరి మధ్యా పోటీ అంత ముదిరింది మరి. బాబాయి పేకెట్టు ధర తగ్గించారని తెలిస్తే మా నాన్నకి ఆ పూట ముద్ద దిగేది కాదు. అయినా రంజానుకి వాళ్ళ సేమ్యా, ఉగాదికి మా బొబ్బట్లు రోడ్డు దాటడం ఒక్క ఏడూ మానలేదు.

బాబాయి పక్క మిల్లులు కొంటూ పెరిగారు. "మొక్క నాటి కాయ దాకా కాచుకునే ఓపిక నాకు లేదమ్మడూ, కాపు మీదున్న తోటే కొంటా" అనేవారు. మొదట పొదిలిలో ఒక మిల్లు కొన్నారు. కొన్నదే తడవు మరలు ఊడదీసి సత్తెనపల్లి తెచ్చేశారు. అక్కడి పాత పేరు తీసేసి, తన పేరున్న పేకెట్లు పంపారు. పొదిలి జనం ఒకసారి కొన్నారు, "ఇది మా కారం కాదు" అని మానేశారు. వాళ్ళకి కారం బరకగా, వెల్లుల్లి దండిగా ఉండాలి. ఈయన గంధంలా మెత్తగా పట్టించారు. ఆ భంగపాటుని దాచుకోలేదు సరికదా, ఎవరూ అడక్కుండానే నలుగురిలో చెప్పి నవ్వేవారు. "మరలు మోసుకొచ్చానండీ, రుచిని అక్కడే వదిలేసొచ్చా!"

నాన్నకి పక్షవాతం వచ్చాక మా మిల్లు నా నెత్తిన పడింది. అప్పటికి పెద్ద పెద్ద కంపెనీల పేకెట్లు మా ఊరి కొట్లన్నిటిలో వేలాడుతున్నాయి. రెండు చిన్న మిల్లులు విడివిడిగా బతకలేవని నాకు తెలుసు, బాబాయికి నాకంటే ముందే తెలుసు. మా మిల్లు ఆయనకి అమ్మే మాట అనుకున్నాం. నా దిగులు ఒక్కటే, మా అమ్మ పేరుతో వెళ్ళే కూరకారం. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. కొట్టుకెళ్ళి "ఫలానావిడ కారం ఇవ్వండి" అని ఎవరో అడిగినప్పుడు తప్ప ఆవిడ పేరు బయట వినపడదు. పొదిలి పేరులాగే అదీ పోతుందేమోనని నాకు భయం.

ఒప్పందం రోజున బాబాయి అరటిపళ్ళు, లడ్డూలు, గాజులు పళ్ళేల్లో పట్టించుకుని, బ్యాండు మేళంతో రోడ్డు దాటారు! "ఇది కొనుగోలు కాదమ్మడూ, వియ్యం" అన్నారు. వాళ్ళ ఆడవాళ్ళు మా వాళ్ళకి గాజులు తొడుగుతుంటే, మా మేస్త్రీ రత్తమ్మ మాత్రం మిరపకాయ బస్తాల మీదకెక్కి మూతి ముడుచుకుని కూర్చుంది.

"ఏంటి రత్తమ్మా, అలకపాన్పెక్కావా?" అన్నారు బాబాయి.

"ఎక్కనా మరి? రేపట్నించి మీవోళ్ళు మా మీద పెత్తనం చేస్తారు. మా అమ్మగారి పేరు చెరిపేస్తారు. పొదిలి సంగతి మాకు తెలీదేంటి సాయిబు గారూ?"

నేను అడగలేక మింగిన మాట అది. బాబాయి తల గోక్కున్నారు. వాళ్ళ పెళ్ళిళ్ళలో అలకపాన్పు లేదు, మా పెళ్ళిళ్ళకి భోజనానికొచ్చినప్పుడు చూసిందే. ఉన్నట్టుండి పకాలున నవ్వారు.

"అలిగేది పెళ్ళికొడుకు కదూ! అంటే మీరు మగపెళ్ళివారు, నేను ఆడపిల్ల తండ్రిని. అడుగు తల్లీ, ఏం కావాలో."

"కూరకారం అమ్మగారి పేరు మీదే ఎళ్ళాలి. మా దినుసులు మేమే ఏయించుకుంటాం. ఎవరూ ఏలు పెట్టకూడదు."

"ఇచ్చా."

రత్తమ్మ దిగబోయి ఆగి, "ఓ పట్టుచీర కూడా" అంది.

"అదీ ఇచ్చా. ఇక దిగు తల్లీ, కాళ్ళు పట్టుకోమంటావా?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. తర్వాత అడిగాను, డబ్బిచ్చి కొన్నవారు మీరెందుకు తగ్గారు బాబాయ్ అని. "కొన్నవాడే తల వంచాలమ్మడూ. అమ్ముకున్నవాడి మెడ అప్పటికే వంగి ఉంటుంది" అన్నారు. ఇంటికెళ్ళి ఆ మాట నాన్నకి చెప్పాను. నాన్న ముద్దముద్దగా, "దొంగ తుమ్ములోడు... మంచోడే" అన్నాడు.

ఆ తర్వాత పొదిలి వాళ్ళ పేరు, బరక కారం వాళ్ళకి తిరిగిచ్చారు. పొన్నూరులో మసాలా మిల్లు కలుపుకున్నప్పుడూ పళ్ళేలతోనే వెళ్ళాం. అక్కడి వాళ్ళు పాపం నెమ్మదస్తులు, కిక్కురుమనలేదు. బాబాయి కలం కింద పెట్టేశారు. "ఒక్కరూ అలగరేంటండీ? అలగండి, లేకపోతే నేను సంతకం పెట్టను!" అని పట్టుబట్టారు. వాళ్ళు బిత్తరపోయి చివరికి మంచినీళ్ళ ఫిల్టరు అడిగారు.

బాబాయి ఖననమయ్యాక కొద్దిరోజులకి మిల్లులు మళ్ళీ తెరిచాం. పెత్తనం ఇప్పుడు ఆయన కూతురిది. మా షెడ్డుకొచ్చి, "అన్ని పేకెట్లకీ ఒకే పేరు పెడితే ఖర్చు కలిసొస్తుందని సలహాదార్లు అంటున్నారక్కా" అంది. నాకు మళ్ళీ అదే దిగులు. రత్తమ్మకి ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. ఇద్దర్ని ఆసరా చేసుకుని, ఆయాసపడుతూ బస్తాల మీదకెక్కింది. మూతి ముడిచింది.

ఆ పిల్ల రత్తమ్మని చూసింది, నన్ను చూసింది. చెప్పులు విడిచి బస్తాల దగ్గరికెళ్ళి నిలబడింది.

"ఏం కావాలి పెద్దమ్మా?"

"మీ నాన్న ఇచ్చిందే."

"ఇచ్చా" అంది, అచ్చం ఆయనలాగే తల వంచి. అప్పుడే బాణలిలోంచి మిరపకాయల ఘాటు గుప్పున లేచింది. ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది, ఆపుకోబోయింది, ఆగలేదు. ఒక్క తుమ్ము! రోడ్డుకి అవతల గది కిటికీలు అదిరాయి. షెడ్డులో ఆడవాళ్ళంతా, బస్తాల మీద రత్తమ్మతో సహా, ఒక్క గొంతుతో "నూరేళ్ళు!" అని అరిచారు.