పడటం నేర్పిన పైల్వాన్

శుక్రవారం. పొద్దున్నుంచే వడగాలి. దుకాణం ముందు నీళ్లు చల్లాను. రెండు బిందెలు పోసినా దుమ్ము అణగలేదు.

దుకాణం పుస్తకంలో లెక్కల పక్కన ఆ రోజుకు నేను రాసుకున్నది ఇంతే. ఖాళీ బిందె కింద పెట్టేలోపే మా వీధి హమాలీ మేస్త్రీ వచ్చాడు. సైకిలుకు స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించాడు.

"అన్నా, పైల్వాన్ మామ పోయినాడు. నిద్దట్లోనే. అత్త టీ ఇచ్చేదానికి లేపితే లేవలా."

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలున్న వీధి మాది. ఆయన ఈ వీధికంతా మామ, ఆయన భార్య అత్త. మైకులో మాత్రం ఆయన నల్లమల పులి. అప్పట్లో తిరునాళ్లకో ఎగ్జిబిషన్‌కో కుస్తీ ప్రదర్శన వచ్చేది. నాలుగు ఇనుప స్తంభాలు, వాటి చుట్టూ తాళ్లు, మధ్యలో చెక్కల బల్ల, పైన పెద్ద బల్బులు. పొద్దున్నుంచీ జీపులో మైకు పెట్టుకుని పొదిలిలో, కనిగిరిలో, గిద్దలూరులో సందు సందూ తిరిగేవాళ్లు. ఆ ప్రదర్శనలో మామ చాలా ఏళ్లు ఆడాడు. ఎక్కువసార్లు ఓడిపోయాడు. ఎవరు ఓడాలో ఆటకు ముందే మేనేజరు చెప్పేవాడు. ఈ సంగతి నేను దాచటం లేదు. మామ కూడా ఎప్పుడూ దాచలేదు.

"అదంతా ఉత్తుత్తి ఆట" అనేవాళ్లు మీలో ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ముందుగా అనుకునేది గెలుపోటములు మాత్రమే. లావుపాటి మనిషి ఒకడు తలపైకి ఎత్తి చెక్కల మీద వేస్తే వీపుకు తగిలే దెబ్బను ఏ మేనేజరూ మాట్లాడి తగ్గించలేడు. ఆ చెక్కల మీద పరిచింది కొబ్బరి పీచు, దాని మీద టార్పాలిన్. చూసినవాళ్లం మేం. చేత్తో నొక్కి కూడా చూశాం.

చివరి రోజుల్లో ఆయన మెడ తిరిగేది కాదు. వెనక నుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాడు. కొత్తవాళ్లు అది మర్యాద అనుకునేవారు. అత్త రోజూ పొద్దున్నే ఆముదం వెచ్చచేసి ఆ మెడకు రాసేది. ఆట ఉత్తదని ఎవరైనా అంటే ఆమె జవాబు ఒకటే.

"అట్లనా నాయనా? అయితే రేపట్నుంచి నువ్వొచ్చి రాయి. ఉత్తి మెడే గదా."

పొదిలి ఆట నాకు బాగా గుర్తు. ఫ్యాక్టరీ లారీలో ఎక్కి వీధివీధంతా పోయాం. ఎక్కడివాడో కొత్త పైల్వాన్, మామ వీపు మీద కూర్చుని గడ్డం పట్టి వెనక్కి లాగుతున్నాడు. బల్లను కొడుతున్న మామ చెయ్యి ఆగిపోయింది. "చంపుతుండాడ్రా" అని మావాళ్లలో ఒకడు లేచాడు. అంతే, తాళ్లు దాటుకుని హమాలీలందరూ బల్ల మీదికి ఎక్కారు. అప్పటిదాకా ప్రాణం లేనట్టు పడి ఉన్న మామ ఒక్క ఊపున లేచాడు. ఆ కొత్తవాణ్ణి తన వెనక్కి నెట్టి చేతులు చాపి నిలబడ్డాడు. వాడి మీద పడాల్సిన కర్ర మామ భుజం మీద పడింది.

"ఎవుడ్రా వీన్ని ముట్టుకునేది?" అన్నాడు. "నన్ను ఎత్తేసినప్పుడు నా తల కింద చెయ్యి పెట్టినాడు వీడు. మీరు చూడలా. చూసేది నేర్సుకోండి ముందు."

ఆట అయ్యాక వాణ్ణి భుజం మీద చెయ్యేసి బస్టాండు దగ్గర దోసెల బండికి తీసుకుపోయాడు. మేం దూరంగా తలలు వంచుకుని నిలబడ్డాం. మామ మాకు వినపడేట్టు అన్నాడు: "ఇంకో దోసె ఎయ్యక్కా. నన్ను ఓడగొట్టి అలిసిపోయినాడు పాపం."

టీవీలు వచ్చాక ప్రదర్శన ఆగిపోయింది. మామ మా వీధిలోనే హమాలీగా చేరాడు. పలకల కట్టలు భుజానికెత్తుకుని వాలుచెక్క మీదుగా లారీ ఎక్కించాలి. చెక్క జారితే నడుమో తలో పోవడం ఇక్కడ కొత్త కాదు. మామ వచ్చాక మధ్యాహ్నం సద్ది తిన్న తర్వాత హమాలీలను నా దుకాణం ముందు దుమ్ములో వరసగా నిలబెట్టేవాడు.

"గడ్డం రొమ్ముకు ఆనించు. అరచేతులు ముందు నేలను కొట్టాల, వీపు తర్వాత. దెబ్బ చెయ్యి తినాల, తల తినగూడదు."

పెళ్లయి పిల్లలున్నవాళ్లు కూడా సిగ్గుపడుతూ పడేవాళ్లు. వీధి నవ్వేది. మామ నవ్వేవాడు కాదు. "పడేసేది ఎవుడైనా పడేస్తాడు. దాంట్లో ఏముంది?" అనేవాడు.

మా తమ్ముడు ఒకరోజు లారీ పైనుంచి జారాడు. కట్టను గాలిలోనే అవతలికి విసిరేశాడు. గడ్డం లోపలికి పోయింది. అరచేతులు నేలను కొట్టిన చప్పుడు దుకాణంలో కూర్చున్న నాకు వినిపించింది. నేను పరుగెత్తేసరికే వాడు లేచి నిలబడి ఉన్నాడు, కనురెప్పల దాకా దుమ్ము.

"మామా, సరిగ్గా పడినానా?" అన్నాడు.

మామ ఒళ్లంతా తిప్పి వాణ్ణి చూశాడు. "ఎడం చెయ్యి లేటయింది" అన్నాడు.

నా తమ్ముడి పిల్లలకు ఈ రోజు నాయనా అని పిలవడానికి మనిషి ఉన్నాడు. ఉత్తుత్తి ఆట నేర్పిన విద్య అది.

నా దుకాణానికి ఎదురుగా పాత తాలింఖానా ఉంది. లోపల మట్టి గోదాలో ఇప్పటికీ కుస్తీ నేర్పుతారు. అక్కడ నేర్చిన పైల్వాన్ ఎవరు పోయినా పాడెను ఆ గేటు ముందు దించుతారు, గోదా మట్టి గుప్పెడు తెచ్చి రొమ్ము మీద పెడతారు. గొర్రెలు కాసుకునే ఇంట పుట్టిన మామ మొదట పట్టు నేర్చింది ఆ గోదాలోనే. టికెట్టు ఆటలో చేరాడని పెద్దలు ఆయనను వెళ్లగొట్టారు. మళ్లీ లోపలికి అడుగు పెట్టలేదు. కానీ ఆ గేటు ముందు నడిచేటప్పుడు ప్రతిసారీ చెప్పులు విడిచి చేత పట్టుకునేవాడు, దాటాక వేసుకునేవాడు.

ఒకసారి నా దుకాణం అరుగు మీద కూర్చుని ఆ గేటు వైపు చూస్తూ, "నేను పోయినాక ఆ మట్టి ఒక గుప్పెడు పెడ్తారేమో అబ్బయ్యా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అత్తతో కూడా ఆ మాట అన్నాడని శుక్రవారం తెలిసింది. అందుకే పాడెను ఆ గేటు ముందు దించాం.

తాలింఖానా పెద్దాయన బయటికి వచ్చాడు. కోపంగా ఏమీ లేడు.

"టికెట్టు పెట్టి ఓడిపోయినోడికి గోదా మట్టి యాడిది నాయనా? మాకు కట్టుబాటు ఉండాది."

"ఓడిపోయినా మనిషే గదా పెద్దాయనా" అన్నాడు మేస్త్రీ.

"మనిషి గాదని నేననలా. పైల్వాన్ గాదంటుండా."

గేటు వేసుకున్నాడు. హమాలీలు పాడె చుట్టూ కూర్చున్నారు. మట్టి ఇచ్చేదాకా పాడె ఎత్తేది లేదన్నారు. నడినెత్తిన ఎండ. అత్త మామ ముఖానికి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని ఉంది. గొడుగు నా చేతికిచ్చి లేచింది.

"ఎవుర్ని అడుక్కుంటుండారు మీరు? ఆయన ఆ గేటు ముందర చెప్పులిడిచినాడే గాని చెయ్యి చాపలా. మీకు పడేది నేర్పినాడా లేదా?"

"నేర్పినాడు అత్తా."

"అయితే పడండి. చూసి పోతాడు."

మొదట మేస్త్రీ లేచాడు. కళ్లజోడు తీసి నా జేబులో పెట్టాడు. పొట్ట పెరిగిన మనిషి. పాడెకు ఎదురుగా నిలబడి, గడ్డం రొమ్ముకు ఆనించి వెనక్కి పడ్డాడు. తర్వాత మా తమ్ముడు. ఈసారి ఎడం చెయ్యి లేటు కాలేదు. తర్వాత ఇద్దరు, ఆ తర్వాత వరసంతా. అరచేతులు నేలను కొట్టే చప్పుడు వీధి చివరిదాకా పోయింది. ఎవరూ నవ్వలేదు. నేను గొడుగు ఎవరి చేతికిచ్చానో గుర్తు లేదు. వీపు మాత్రం ఇంకా పట్టేసి ఉంది.

లేచినవాళ్లు లేచినట్టే వచ్చి తమ చొక్కాల మీది దుమ్మును ఆయన మీద కప్పిన తెల్లగుడ్డ మీద దులిపారు. పలకల పొడి, మా వీధి మట్టి కలిసిన దుమ్ము. ఆ గుడ్డ బూడిదరంగుకు తిరిగింది.

అప్పుడు గేటు తెరుచుకుంది. పెద్దాయన గుప్పెట మూసుకుని నిలబడి ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి ఎర్రమట్టి రాలుతోంది. మేస్త్రీ అత్త వైపు చూశాడు.

"లోపలే ఉండనీ పెద్దాయనా" అంది అత్త. "మాది సరిపోయింది."

పాడె ఎత్తాం. ఆ గేటు ముందు ఎవరమూ చెప్పులు విడవలేదు.

శనివారం. వడగాలి లేదు. ఫ్యాక్టరీలు తెరవలేదు, లారీలు రాలేదు. దుకాణం ముందు దుమ్ములో వీపుల గుర్తులు నిన్న పడినవి పడినట్టే ఉన్నాయి. పాలవాడు సైకిలు దిగి, గోడవారగా నడిపించుకుంటూ పోయాడు. ప్రతి వీపుకూ రెండు పక్కలా విప్పిన అరచేతులున్నాయి. తల ఆనిన గుర్తు ఒక్కటీ లేదు.

బిందెలు నింపి గుమ్మంలో పెట్టుకున్నాను. దుకాణం ముందు నీళ్లు చల్లలేదు.