కైసరు దగ్గర మా గుడి తాళం

మా చర్చి తాళంచెవి తహసీల్దారు ఆఫీసు బీరువాలో ఉంటుంది. ఆదివారం పొద్దున వీఆర్వోగా పనిచేసే అమ్మాయి దాన్ని బ్యాగులో వేసుకుని స్కూటీ మీద వస్తుంది. తలుపు తీసి, చెప్పులు బయట విడిచి, వెనక వరుసలో కూర్చుంటుంది. ఆరాధన అయ్యాక మమ్మల్నందరినీ బయటికి పంపి తాళం వేసుకుని పోతుంది. గేటు దగ్గర ఒక కానిస్టేబులు ఉంటాడు. ప్రొద్దుటూరు నుంచి రాజుపాలెం పోయే బస్సులు మా గేటు ముందే ఆగుతాయి. కిటికీలోంచి చూసేవాళ్లు లోపల ఏదో పరీక్ష జరుగుతోందనుకుంటారు.

దొరల కాలంలో మా ముత్తాతలు రాళ్లు మోసి కట్టుకున్న గుడి అది. దొరలు పోయారు, ప్రభుత్వాలు ఎన్నో మారాయి. వాటిలో ఏదీ మా తాళం అడగలేదు. మేమే తీసుకుపోయి ఇచ్చాం. 'మేమే' అనడం కూడా పూర్తి నిజం కాదు. అర్జీ రాసింది నేను. దాన్ని వెనక్కి తీసుకుంటానని, ఇదంతా జరిగాక, ఇంకో కాగితం రాసిందీ నేనే. కానీ అప్పటికి నా వెనక చేరినవాళ్లు వేరే అర్జీలు పెట్టి ఉన్నారు. వాటిని చదివాను. అన్నీ నేను నేర్పిన భాషలోనే ఉన్నాయి.

అర్జీలు నాకు కొత్త కాదు. పులివెందులలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. ఊరికి వచ్చాక వీధిలైటు కోసం, మురుగు కాలువ కోసం, బస్సు ఆగడం కోసం సోమవారం వస్తే కలెక్టరాఫీసులో గ్రీవెన్సుకు పోయేవాణ్ణి. ఊళ్లో నన్ను అర్జీల సారు అంటారు. ఆ పేరు పెట్టిందెవరో నాకు తెలుసు. అతని కూతురి పెళ్లికి నేను పోలేదు.

అధికారులకు లోబడాలని మాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. లోబడడమంటే నోరు మూసుకోవడం కాదని నా వాదన. పన్ను కట్టాలి, ఓటు వేయాలి, తప్పు జరిగితే కాగితం మీద పెట్టాలి. మొన్నటి ఎన్నికల ముందు పాస్టరు గారు ఒక అభ్యర్థిని మైకు దగ్గరికి పిలిచి, తల మీద చేయి పెట్టి ప్రార్థన చేయబోయారు. నేను లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, ప్రార్థన మంచిదే. గేటు అవతల చేయండి" అన్నాను. ప్రభుత్వం గుడిలోకి రాకూడదు, గుడి ప్రభుత్వంలోకి పోకూడదు అని అందరి ముందూ చెప్పాను. ఆ మాట అన్న నోరు, తర్వాత తాళం ప్రభుత్వం తీసుకోవాలని అడిగిన నోరు ఒకటే.

జరిగింది ఇది. జనవరి ఇరవై ఆరున మా చర్చి ఆవరణలోని బడి దగ్గర జెండా ఎగరేస్తారు. సంఘంలో ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లలో పెద్దవాడు జెండా తాడు లాగడం మా ఆనవాయితీ. నాకు ముందున్న పెద్దాయన కాలం చేశాడు. ఇక నా వంతు అని ఎవరూ పైకి చెప్పలేదు గానీ అందరికీ తెలుసు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. నా భార్య కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

మా కమిటీ సెక్రటరీ నాకు వరసకు అల్లుడు. ప్రొద్దుటూరులో వెల్డింగు షాపు నడుపుతాడు. అతను ఆ రోజు జెండా ఎగరేయడానికి సర్పంచిని పిలిచాడు. సర్పంచిది గొర్రెల మందలున్న హిందువుల ఇల్లు. మంచివాడు, మా ప్రహరీ కూలిపోయినప్పుడు రాళ్లు తోలించినవాడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు, అప్పుడూ లేదు. సెక్రటరీ మాత్రం నా చేతిలో ఒక ప్లాస్టిక్ బేసిను పెట్టాడు.

"మామా, నువ్వు పిల్లోళ్లకు చాక్లెట్లు పంచు. నువ్వయితే వరసగా నిలబెట్టి పంచుతావు."

పంచాను. చివరి పిల్లవాడి దాకా పంచాను. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా కాగితం తీశాను.

కమిటీ పదవీకాలం ఎప్పుడో అయిపోయింది, ఎన్నికలు పెట్టకుండా పాతవాళ్లే కూర్చున్నారు అని రాశాను. అది నిజం. ఇప్పటికీ నిజమే అంటాను, ఎవరికి ఎంత కష్టంగా ఉన్నా. కొత్త కమిటీ వచ్చేదాకా తాళం తహసీల్దారు దగ్గర ఉంచమన్నాను. కానీ ఆ అర్జీలో జెండా మాట లేదు, బేసిను మాట లేదు.

సంగతి తెలిసి పాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. ఆయనది జమ్మలమడుగు. నాకంటే శానా చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు.

"అన్నా, సహోదరుని మీద బయటోళ్ల ముందు వ్యాజ్యానికి పోవద్దని పౌలు చెప్పినాడు గదా. మనమూ మనమూ కూర్చుందాం రా."

"అదే పౌలు, నేను రోమా పౌరుణ్ణి అని చక్రవర్తి కైసరుకే మొరపెట్టుకున్నాడు గదయ్యా. పౌరుడికి ఆ హక్కు ఉండాది."

"ఆయన ప్రాణం మీదికొచ్చి మొరపెట్టుకున్నాడన్నా. సంఘం మీద కాదు."

"పోయిన క్రిస్మస్‌కు కేరల్స్ పాటలు మా వీధికి తేకుండా పక్కవీధి నుంచే తిప్పుకోని పోయినారు. అప్పుడు గుర్తు రాలేదా నేను సహోదరుణ్ణని?" అన్నాను. ఆయన టీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. అది కూడా నాకు గుర్తుంది.

ఆ తర్వాత సంఘం రెండుగా చీలింది. తలుపుకు వాళ్లొక తాళం వేశారు, మావాళ్లొక తాళం వేశారు. ఒక ఆదివారం మెట్ల మీద తోపులాట జరిగి పాటల పుస్తకాలు మట్టిలో పడ్డాయి. పోలీసులు వచ్చారు. పైనుంచి ఉత్తర్వు వచ్చింది: రెండు తాళాలూ తీసి ఒకటే వేయాలి, దాని చెవి తహసీల్దారు దగ్గర ఉండాలి, ఆదివారం మాత్రమే తెరవాలి, వేరే ఏ రోజు తెరవాలన్నా రెండు పక్షాలూ కలిసి సంతకం చేసి ఇవ్వాలి. ఈ చివరి షరతు నేను పట్టుబట్టి పెట్టించింది. నాకు తెలియకుండా ఆ సెక్రటరీ లోపల మీటింగు పెట్టుకోకూడదని నా ఆలోచన.

తాళం అప్పగించిన రోజు తహసీల్దారు దాన్ని చేతిలో తిప్పి చూశాడు. "ఏంది సార్ ఇది? మీ యేసయ్య గుడికి నన్ను ధర్మకర్తను చేస్తాండారు. నేను శనివారం వెంకటేశ్వరస్వామి గుడికి పోయేటోణ్ణి. ఇంట్లో ఇంట్లో మాట్లాడుకోగూడదా?"

"చట్ట ప్రకారం పోదాం సార్" అన్నాను.

"మీ ఇష్టం" అని ఆయన బీరువా తెరిచాడు.

మా ఆరాధనలో పాలించేవాళ్ల కోసం ప్రార్థన ఉంటుంది. రాష్ట్రపతి, ప్రధాని, ముఖ్యమంత్రి, కలెక్టరు. తాళం పోయాక పాస్టరు గారు వాళ్ల తర్వాత "మా తహసీల్దారు గారి కొరకును" అని చేర్చడం మొదలుపెట్టారు. యువకుల వరుసలో కిసుక్కుమని నవ్వారు. వెనక వరుసలో వీఆర్వో తల వంచుకుంది. ఎవరి మీద ఆ ప్రార్థన గురి పెట్టారో నాకు అర్థమైంది గానీ, ప్రార్థన మీద అర్జీ పెట్టలేను కదా.

అట్లా నడుస్తుండగా టీచరమ్మ చనిపోయింది. మా బడిలో నాకూ, నా తర్వాత చాలా ఏళ్లకు ఆ సెక్రటరీకీ అక్షరాలు దిద్దించిన మనిషి. వీరపునాయునిపల్లె వైపు కొన్నేళ్లు పనిచేసి మళ్లీ మా ఊరికే వచ్చేసింది. తాళం ప్రభుత్వానికి పోయాక ఆమె ఆదివారం అందరికంటే ముందే వచ్చి, వీఆర్వో స్కూటీ కోసం చూస్తూ మెట్ల మీద ఎండలో కూర్చునేది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది, జవాబు చెప్పుకునేవాణ్ణి.

ఆమె కూతురు పులివెందులలో నర్సు. మంగళవారం తల్లి ప్రాణం పోతే బుధవారం పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. చేతిలో కాగితం ఉంది.

"అన్నా, అమ్మ ఒకటే కోరింది. నేరుగా సమాధుల తోటకు ఎత్తుకపోవద్దు, గుడిలో కాసేపు పెట్టండి అనింది. నాయన్ను కూడా ఆడే పెట్టినారంట. తహసీల్దారు సారు ఒప్పుకున్నాడు. మీరిద్దరూ సంతకం పెడితే చాలంట."

సెక్రటరీ అప్పటికే పెట్టాడు. పెద్ద అక్షరాలతో పైన పెట్టాడు. నాకు కింది జాగా మిగిలింది. కాగితం తిరిగి ఆమె చేతికే ఇచ్చాను.

"గేటు దగ్గరికి వస్తానమ్మా, ఆడ పెడతా" అన్నాను.

ఆమె పోయాక నా భార్య వంటింట్లోంచి అంది: "ఈ పొద్దన్నా ఊరికే ఉండు."

నేను పోయేసరికి జనం చేరి ఉన్నారు. మూసిన తలుపు ముందు రెండు బెంచీలు వేసి టీచరమ్మ పెట్టె పెట్టారు. వీఆర్వో తాళంచెవి, ఆ కాగితం పట్టుకుని నిలబడి ఉంది. కూతురు పెట్టె మీద గొడుగు పట్టింది.

సెక్రటరీ ఎదురొచ్చాడు. "రా మామా. సంతకం పెట్టు, ఎండ ఎక్కువైతాంది."

"పెడతా. ముందు నువ్వు తప్పయిందని చెప్పు."

"తప్పయింది మామా" అన్నాడు, వెంటనే, రెండు చేతులూ జోడించి.

నేను దానికి సిద్ధంగా లేను. అతను ఎదురు తిరుగుతాడని, ఆ తర్వాత ఏం మాట్లాడాలో దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చాను.

"ఊరికే అంటే సరిపోదు. దేనికో తెలిసి చెప్పాల."

"దేనికో నువ్వే చెప్పు మామా, అది కూడా అంటా. ఎలక్షను పెట్టలేదనా? ఈ నెల్లోనే పెడదాం."

"అది కాదు."

"మరేంది?"

అతనికి నిజంగా గుర్తు లేదు. మొహం చూస్తే తెలిసిపోయింది. నేను అన్నం దగ్గరా, మంచం మీదా మోసుకు తిరిగినదాన్ని అతను ఆ రోజు సాయంత్రమే మరిచిపోయి ఉంటాడు. అందరూ నావైపే చూస్తున్నారు. చెప్పక తప్పలేదు.

"జెండా పండగనాడు... నా చేతికి బేసిను ఇచ్చినావు. చాక్లెట్లు పంచమన్నావు."

వెనక ఒక ముసలామెకు చెవుడు.

"ఏందంటమ్మే?" అని పక్కనామెను అడిగింది.

"చాక్లెట్లంట అత్తా."

"ఎవరికి రాలేదంట?"

"ఈయప్పకేనంట" అని ఇంకెవరో అన్నారు.

నవ్వు వినిపించింది, వెంటనే ఆగిపోయింది. కానిస్టేబులు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. సెక్రటరీ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

"పిల్లోళ్లు ఎవరి మాటా ఇనరు, నీకయితే బయపడతారని ఇచ్చినా మామా. తప్పయింది. జెండా మాట నాకు తట్టనే లేదు. తప్పయింది."

నేను పెన్ను తీశాను. మూత జారి కింద పడింది. దాన్ని వెతుక్కుంటూ వంగి ఉండగా కూతురి గొంతు వినిపించింది.

"పెట్టె ఎత్తండి. తోటకు పోదాం."

"ఒక్క నిమిషమమ్మా, సారు పెడతాండాడు" అన్నారు పాస్టరు గారు.

"వద్దయ్యగారూ. మా యమ్మ లోపలికి పోవాలంటే ఇంకొకరు చేతులు జోడించాల్నా? ఆమె అట్ల పోయే మనిషి కాదు."

ఆమె గొడుగు మూసింది. నలుగురు పెట్టె ఎత్తుకున్నారు. ముందు కొస సెక్రటరీ పట్టాడు.

నేను స్కూటీ సీటు మీద కాగితం పెట్టి గబగబా సంతకం గీశాను. కింది జాగాలోనే. వీఆర్వో రెండు సంతకాలూ చూసుకుని, నియమం ప్రకారం తలుపు తీసింది. తలుపు రెక్కల చప్పుడుకు వాళ్లు వెనక్కి చూస్తారనుకున్నాను, ఆగుతారనుకున్నాను. "తెరిచినారమ్మా" అని కూడా అన్నాను, కానీ అది నాకే సరిగా వినిపించలేదు. వాళ్లు గేటు దాటి తోట వైపు తిరిగారు.

ఏం చేయాలో తోచక లోపలికి పోయాను. మూడు రోజులుగా మూసి ఉండడంతో లోపల ఉక్కగా ఉంది. పెట్టె పెట్టడానికి ఎవరో ఆదివారమే సర్ది ఉంచినట్టు పాస్టరు గారు నిలబడే బల్ల ముందు జాగా ఖాళీగా ఉంది. ఎప్పుడూ అట్లాగే ఉంటుంది, నేను ఇంతకు ముందు గమనించలేదు. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. నా వరుస నాకు ఉంది, దాని కోసం కూడా ఒకసారి ఒకరితో గొడవ పడ్డాను. ఆ పొద్దు దాంట్లో కూర్చోలేకపోయాను. తోట వైపు నుంచి పాట మొదలైంది. నేను లేకుండానే ఎత్తుకున్నారు. ఎత్తుకోరా మరి?

వీఆర్వో చెప్పులు విడిచి గడప దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు మూయాలన్నది ఆమె పని, నన్ను అడగాల్సిన అవసరం ఉత్తర్వులో లేదు. అయినా అడిగింది.

"సార్, ఆడ పాట మొదలుపెట్టినారు. మీరు పోరా?" అని, రెక్క మీద చేయి వేసి, "తలుపు మూసేదా సార్?" అంది.

అడగడానికి ఆమెకు అక్కడ ఇంకెవరూ లేరు.

"మూయమ్మా" అన్నాను.