నన్ను తీసేయమని అడిగిన రోజు

ప్రియ సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, నా రెండు చేతులూ నా మాట వినని కాలం ఒకటి ఉండేది, దాని గురించి చెప్తాను. పెద్ద చదువు లేనిదాన్ని, జరిగింది జరిగినట్టు చెప్పడమే వచ్చు.

ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోనికి పోయి ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో పద్నాలుగేళ్ళు ఆయాగా చేశాను. ఎంత మంచి రోజులు అవి! సుగ్గికని, అంటే కోతల కాలం వలసకని, గుంటూరు మిరప చేలల్లో కూలికి పోయిన కోసిగి వాళ్ళు, నెలలు నిండిన కోడలిని పట్టుకుని బస్సు దిగి నేరుగా మా మెట్ల దగ్గరికే వచ్చేవాళ్ళు. బిడ్డను తుడిచి మెత్తటి పాత చీర గుడ్డలో చుట్టి, మనసులో 'స్తోత్రం ప్రభువా' అనుకుని, బయట కాచుకున్న అవ్వ చేతిలో పెట్టేదాన్ని.

“ఏమే ఆయమ్మా, ముక్కు సొట్టగుందే, బిడ్డను మార్సినావా ఏంది?”

“ముందు నీ ముక్కు సూసుకోవ్వా.”

ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

ఆ వార్డుకే నా కూతురు కరుణ మొదటి కాన్పుకు వచ్చింది. బిడ్డ ఏడవలేదు. డాక్టరమ్మ చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆ బిడ్డను తుడిచి గుడ్డలో చుట్టింది నేనే, అది నా పని కదా.

తర్వాత పనికి పోతే, ఏ బిడ్డ ఏడ్చినా నా చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఒకనాడు ఆస్పరి వాళ్ళ పాప నా చేతుల్లోంచి జారబోయింది, పక్కన నర్సమ్మ ఉండి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. చెబుదామంటే భయం, ఎందుకంటే పత్తి మిల్లులో దమ్ము పట్టి, ఊపిరాడక మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, నా పని పోతే మా పొయ్యి ఆరిపోతుంది. రోజూ బస్సులో కిటికీకి తల ఆనించి ఒకటే ప్రార్థన: “ప్రభువా, నన్ను ఆడనుంచి తీసెయ్యి, ఎవురి బిడ్డనైనా జారవిడిసే లోపల తీసెయ్యి.”

ఎవరికి ఏ వార్డు అనేది మా పెద్ద సిస్టరమ్మ చేతిలో ఉంటుంది, పెద్దక్క అని పిలుస్తాం. మా ఇంట్లో ఆ కష్టం జరిగినప్పుడు ఆమె సెలవులో ఉంది, తర్వాత నేనూ చెప్పుకోలేదు. ఒక సోమవారం ధైర్యం తెచ్చుకుని ఆమె గదిలోకి పోయాను. నోటికి అలవాటైన ప్రార్థన మాటే బయటికి వచ్చింది.

“పెద్దక్కా, నన్ను తీసేయండి.”

ఆమె రాయడం ఆపింది. “తీసేయాల్నా? మీ ఆయనకు మందులెట్ల తెస్తావే? ఎవురన్నా ఏమన్నా అన్నారా, పేరు సెప్పు.”

“ఎవురూ ఏమీ అనలేదక్కా.”

“మరి ఉన్న పని ఇడిసిపెట్టి యాడికి పోతావు?”

అప్పుడు తెలిసింది నాకు, నేను అడిగింది ఏమిటో. “పనిలోంచి కాదక్కా, కాన్పుల వార్డులోంచి.”

“ఓసి నీ ఇల్లు సల్లగుండ, వార్డు మార్సమని అడగాల!” అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. వణుకుతున్న చేతులు ఆమె బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి నా చేతులు పట్టుకుంది. “ఇన్నాళ్ళు ఈ సేతులతో ఎట్ల సేసినావే,” అంది. కాసేపటికి, “కంటి వార్డు ఉంది. ఆడ బిడ్డలు ఏడవరు, ముసిలోళ్ళు తిడతారు, సరేనా?”

“తిట్టనీలే అక్కా.”

కంటి వార్డులో ఆపరేషన్ అయిన వాళ్ళను నేనే చెయ్యి పట్టుకుని నడిపించాలి. మొదటి వారం కట్టు కట్టుకున్న ఒక అవ్వ నడుస్తూ నడుస్తూ ఆగింది.

“ఏమే, నీ సెయ్యి వణకతాందా, నాది వణకతాందా?”

“ఇద్దరిదీ అవ్వా.”

“అయితే గట్టిగా పట్టుకో, లేకుంటే ఇద్దరం పడతాం.”

అట్లా పట్టుకుని పట్టుకుని, ఆ వణుకు ఏ రోజు పోయిందో నాకే తెలియదు. ఒక పొద్దున టీ గ్లాసు తెచ్చుకుని కూర్చుంటే, ఒక్క చుక్క ఒలకలేదు. దేవునికే మహిమ కలుగును గాక. కాన్పుల వార్డు ముందునుంచి పోయేటప్పుడు లోపల బిడ్డ ఏడిస్తే ఇప్పుడు నిలబడి వింటాను, పాత రోజులన్నీ గుర్తొస్తాయి.

మీలో ఎవరైనా మోయలేని చోట నిలబడి, ఎట్లా అడగాలో తెలియక ఉన్నారేమో. నాకూ మాట తెలియలేదు. నేను తీసెయ్యమన్నాను, ప్రభువు తీసేయలేదు, మార్చి పెట్టాడు. ఆయన్ను నమ్మి అడగండి. మా కరుణ ఇంకా ఆ ఆసుపత్రి వైపు రాదు, మీ ప్రార్థనలో దాని కోసం ఒక్క మాట చెప్పండి, తప్పు మాటైనా ఫర్వాలేదు.